ఖాలా లవండరు డబ్బా

పోయిన రంజాన్‌కి ముందు జుమ్మా. రాజమండ్రి మెయిన్ రోడ్డు మీది పాత మసీదులో నమాజ్ అయ్యి బయటికొస్తే, గేటు దగ్గర అత్తరు చాచా తన చెక్క పెట్టె తెరుచుకుని కూచున్నాడు. లోపల వేలెడంత సీసాలు వరసగా. ఒక్కోదానికీ అతికించిన చీటీ, దాని మీద ఆయన చేతిరాతలో ఉర్దూ పేరు. గులాబ్, ఖస్, హీనా, మజ్మువా, కేవ్డా. వరస చివర ఒక చీటీ చదివి ఆగిపోయాను. లామ్, యే, వావ్, నూన్... లవండర్.

"చాచా, ఇది మనది కాదు కదా?"

"ఏది మనది బేటా? కుర్రాళ్లు అడుగుతున్నారు, పెట్టాను" అంటూ మూతకున్న గాజుపుల్ల తీసి నా మణికట్టు మీద రాశాడు.

అంతే, నాకు 1990 కళ్ల ముందుకొచ్చేసింది. అప్పుడు నాకు పన్నెండేళ్లు, మునిసిపల్ ఉర్దూ స్కూల్లో చదువుతున్నాను. ఆ ఏడాది ఆగస్టు 2న సద్దాం ఫౌజు కువైట్‌లోకి దూరింది. మా చిన్న ఖాలా అక్కడ ఒక అరబ్బీ ఇంట్లో పనిచేసేది. నెలా పదిహేను రోజులు ఖబర్ లేదు. నానీ ముసల్లా మీంచి లేవలేదు. సెప్టెంబరు చివర్లో ఖాలా అమ్మాన్ మీదుగా బొంబాయి చేరి, అక్కణ్నుంచి రైలెక్కి రాజమండ్రి స్టేషన్లో దిగింది. ఆ రెండు నెలల్లో ఎయిరిండియా విమానాలు సుమారు 1,70,000 మంది హిందుస్తానీలను అలా తెచ్చాయని నేను జర్నలిస్టునయ్యాక లెక్క రాసుకున్నాను. ఆ రోజు మాత్రం మాకు లెక్కల్లో ఉన్నది ఒక్కతే.

ఆమె చేతిలో ఒకే ఒక్క సంచి. బంగారం లేదు, కొన్న టేప్‌రికార్డర్ లేదు, మూడేళ్ల జీతంలో సగం రానే లేదు. సంచిలో పాస్‌పోర్టు, రెండు జతల బట్టలు, సగం వాడిన ఒక పౌడర్ డబ్బా. యార్డ్లీ, ఇంగ్లిష్ లావెండర్. ఊదారంగు రేకు మీద టోపీ పెట్టుకున్న ఒక దొరసాని, పూలు, పిల్లలు.

ఇంట్లో ఆడవాళ్లు ముందు ఏడ్చారు, తర్వాత నవ్వారు. "అంతా వదిలేసి పౌడర్ డబ్బా తెచ్చావా?" అని అమ్మీ అడిగింది. ఖాలా అన్నమాట నాకు ఇప్పటికీ యాదుంది. "పొద్దస్తమానం బాత్రూములు కడిగీ కడిగీ చేతులు మందు కంపు కొట్టేవి ఆపా. ఆ చేత్తో అన్నం తినబుద్ధయ్యేది కాదు. రాత్రి ఇంత ఇది రాసుకుంటేనే నిద్ర."

ఆ డబ్బా కథ చెప్పాలని చాలా రోజులుగా ఉంది. తీరా మొదలుపెడితే అది ఖాలాతో ఆగలేదు, శ్రీనాథుడి దాకా పోయింది.

ముందు డబ్బా సంగతి. యార్డ్లీ కంపెనీ తన పుట్టుకను 1770 నుంచి లెక్కపెడుతుంది. లండన్‌లో సబ్బులు, సుగంధాలు చేసే దుకాణం అది. ఇంగ్లిష్ లావెండర్ అనే సెంటును 1873 నుంచి అమ్ముతోంది. లవండరు ఇంగ్లండులో పుట్టిన మొక్క కూడా కాదు, మధ్యధరా సముద్రం పక్క కొండల్లోది. తర్వాత ఇంగ్లండు పొలాల్లో నాటుకుని, నీటి ఆవిరితో నూనె తీసి, దానికి 'ఇంగ్లిష్' అని పేరు పెట్టుకున్నారు. డబ్బా మీద ఉన్నది కూడా, నేను అనుకున్నట్టు, దొరసాని కాదు. ఫ్రాన్సిస్ వీట్లీ అనే చిత్రకారుడు 1790లలో లండన్ వీధుల్లో అరుస్తూ సరుకులమ్ముకునే పేదవాళ్ల బొమ్మలు వేశాడు. ఆ వరసలో ఒక బొమ్మ, పిల్లల్ని వెంటేసుకుని ప్రిమ్‌రోజ్ పూలమ్ముకునే తల్లిది. 1913లో యార్డ్లీ వాళ్లు ఆ బొమ్మ తీసుకుని, బుట్టలో ప్రిమ్‌రోజ్‌ల బదులు లవండరు పెట్టి తమ గుర్తు చేసుకున్నారు.

అంటే ఖాలా కువైట్ నుంచి గుండెకు హత్తుకుని తెచ్చిన డబ్బా మీద ఉన్నది ఇంకో గరీబు ఆడమనిషే. ఖాలాకి ఆ సంగతి చెప్పే మౌకా నాకు రాలేదు. నాకే తెలిసింది ఆలస్యంగా.

పరాయి పూలతో వ్యాపారం చేయడం లండన్ దుకాణాలకు అలవాటే. 1835లో మొదలైన గ్రాస్‌స్మిత్ అనే అక్కడి అత్తరు ఖాన్‌దాన్ 1891లో ఒక సెంటు విడుదల చేసింది. పేరు 'ఫూల్-నానా'. హిందుస్తానీ పూలగుత్తి అని ప్రచారం. 1906లో 'షెమ్-ఎల్-నెసీమ్' అని ఇంకోటి తెచ్చారు, ఈసారి అరబ్బుల ఖుష్బూ అని. హిందుస్తాన్ ఎలా వాసనేస్తుందో ఊహించి లండన్‌లో సీసాకెత్తి లండన్‌లోనే అమ్మారు. దుకాణం కొన్ని దశాబ్దాలకు మూతపడితే, ఆ ఖాన్‌దాన్ వారసుడే ఒకడు పాత నుస్ఖాల పుస్తకాలు వెతికి పట్టుకుని 2009లో ఆ సెంట్లనే మళ్లీ బయటికి తెచ్చాడు. నాకు ఇందులో కోపం తెచ్చుకునేదేమీ కనిపించదు. కాకపోతే కొంచెం అసూయ. మన అత్తరు నుస్ఖాల కితాబులు ఎవరి సందూకుల్లో చెదలు తింటున్నాయో అని.

కితాబులు లేక కాదు. అక్బర్ కొలువులో ఖుష్బూఖానా అని ప్రత్యేకంగా ఒక శాఖే ఉండేది, అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో దానికొక అధ్యాయం ఇచ్చాడు. జహంగీర్ తన తుజుక్‌లో నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం కనిపెట్టిన గులాబీ అత్తరు గురించి మురిసిపోతూ రాసుకున్నాడు. వేడి పన్నీటిని గిన్నెల్లో పోస్తుంటే పైన నురగలా జిడ్డు తేలింది. ఆమె దాన్ని కొంచెం కొంచెంగా పోగుచేసింది. బాద్‌షా మెచ్చి ముత్యాల హారం ఇచ్చాడు. సలీమా సుల్తాన్ బేగం దానికి 'ఇత్రె జహంగీరీ' అని పేరు పెట్టింది. ఇంగ్లిష్ లావెండర్‌కు రెండున్నర శతాబ్దాల ముందు సంగతి ఇది. బీజాపూర్‌లో ఇబ్రహీం ఆదిల్ షా జమానాలో 'ఇత్రె నౌరస్ షాహీ' అని ఏకంగా అత్తరు విద్య మీదే ఫార్సీలో కితాబు రాశారు.

ఢిల్లీ, బీజాపూర్ సరే, మన గోదావరి సంగతేమిటి అంటారా. దానికి నేను డిగ్రీ క్లాసులోకి వెళ్లాలి.

ఉర్దూ మీడియంలో చదివి తెలుగు సాహిత్యం డిగ్రీలో చేరినవాణ్ని. క్లాసులో అందరికీ నేనొక తమాషా. మాస్టారు శ్రీనాథుడి హరవిలాసం చెబుతున్నారు. ఆ కావ్యం అంకితం పుచ్చుకున్నది రాజు కాదు, అవచి తిప్పయ సెట్టి అనే సుగంధ ద్రవ్యాల వ్యాపారి. కొండవీటి కుమారగిరి రెడ్డి ఏటా చేసే వసంతోత్సవానికి సరుకు సరఫరా చేసినవాడు. కర్పూరం అంత ధారాళంగా చల్లించాడు కాబట్టి కుమారగిరికి కర్పూర వసంతరాయలు అని బిరుదు. తిప్పయ ఓడల మీద ఏ దేశం నుంచి ఏం తెప్పించాడో శ్రీనాథుడు ఒక పద్యంలో జాబితా ఇస్తాడు. పంజార కర్పూరం, సింహళం ఏనుగులు, గోవా సంకుమదం, భోట దేశపు కస్తూరి, చీనా పట్టు, హురుమంజి గుర్రాలు.

"హురుమంజి అంటే ఏమిటో ఎవరైనా చెబుతారా?" అన్నారు మాస్టారు. క్లాసంతా సైలెంట్. నేను లేచి, "హుర్ముజ్ సార్. ఈరాన్ బందరు" అన్నాను. మా ఉర్దూ జుగ్రాఫియా పుస్తకంలో చదివిందే. మాస్టారు నన్ను ముందు బెంచీలోకి పిలిచారు. ఆ రోజు నుంచి తెలుగు నాకు పరాయి సబ్జెక్టు కాదు.

ఆ కుమారగిరే తన బావమరిది కాటయ వేముడికి రాజమహేంద్రవరం సీమను ఇచ్చాడు. అలా మన ఊళ్లో రెడ్ల రాజ్యం పుట్టింది. శ్రీనాథుడు ఆ తర్వాత ఇక్కడికే వచ్చి వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడు. అంటే కర్పూరం, కస్తూరి, జవ్వాజి గుబాళించిన దర్బారు తహజీబ్ గోదావరి ఒడ్డున కూడా నడిచింది. నేను నమాజ్ చదివే ఆ పాత మసీదు అప్పటికే ఉంది. దాని శిలాఫలకం మీద తారీఖు 1324, కట్టించినవాడి పేరు సాలార్ ఉల్వీ. మసీదు, కర్పూర వసంతం ఒకే శతాబ్దపు చుట్టాలు. పాఠ్యపుస్తకాలు వీటిని వేర్వేరు అధ్యాయాల్లో పెడతాయి కాబట్టి మనకు తోచదు.

ఇంకాస్త వెనక్కి పోతే మోటుపల్లి. 1244లో కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన అభయ శాసనం చదివితే నాకు ఒళ్లు పులకరిస్తుంది. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇదివరకు రాజులు దోచుకునేవారట, మేం ముట్టుకోం, సుంకం మాత్రమే తీసుకుంటాం అని రాజు మాటిచ్చాడు. సుంకం ముప్పైలో ఒక వంతు. ఏయే సరుకులకు ఎంతెంతో వివరం కూడా ఉంది. మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, జవ్వాజి, కర్పూర తైలం. ఆ సముద్రం మీద తిరిగిన నావికుల్లో అరబ్బులు, ఫార్సీవాళ్లు ఎందరో. రాజు అభయమిచ్చింది ముసాఫిర్లకు. ఈ మాట ఈ రోజుల్లో ఒకటికి రెండుసార్లు చెప్పుకోవాలి.

ఖుష్బూల పేర్లు చూస్తే చాలు, ఎవరు ఎవరింటికి వచ్చారో తెలియకుండా కలిసిపోయి ఉంటాయి. గులాబ్ అంటే ఫార్సీలో గుల్, ఆబ్. పువ్వు, నీరు. అంటే మొదట అది పన్నీటి పేరు. మనం దాన్ని పువ్వుకే పెట్టి గులాబీ అన్నాం. ఇత్ర్ అత్తరయింది. జవ్వాజి అరబీ 'జబాద్'కు చుట్టం. కర్పూరం, కాఫూర్, క్యాంఫర్ ఒకే తల్లి పిల్లలు. మదరసాలో సూరా దహ్ర్ చెబుతూ జన్నత్‌లో కాఫూర్ కలిపిన షర్బత్ ఇస్తారని ఉస్తాద్ అంటే, నేను పక్కింటి సుబ్బలక్ష్మి అత్తయ్య హారతి పళ్లెం ఊహించుకునేవాణ్ని.

సెంటు అనే మాట కూడా తక్కువ తమాషా కాదు. తెలుగులో సెంటు అంటే ఒంటికి రాసుకునేది, సెంటు అంటే ఎకరంలో నూరో వంతు భూమి కూడా. ఖాలా 1992లో మళ్లీ కువైట్ వెళ్లింది. మమ్మల్నందరినీ ఏడిపించి మరీ వెళ్లింది. ఆ కమాయీతోనే కడియం రోడ్డులో మూడు సెంట్లు కొంది. "ఒక సెంటు కోసం పోయావు, మూడు సెంట్లు తెచ్చావు" అని నానా హాస్యమాడేవాడు. మన రెండు గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ ఇళ్లలో పనికి పోయిన ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు పంపిన దీనార్లతో లేచిన గోడలు కోనసీమలో, భీమవరం వైపు ఊరూరా కనిపిస్తాయి. వాళ్ల సూట్‌కేసుల్లో వచ్చిన యార్డ్లీ డబ్బాలూ, టైగర్ బామ్ సీసాలూ మా తరం పిల్లలకు విదేశం వాసనంటే ఏమిటో నేర్పాయి.

ఇక అసలు సంగతికి వస్తాను. నన్ను ఎక్కువ బాధపెట్టేది లవండరు కాదు, మొగలి.

మా నానీ చిన్నప్పుడు పంట కాలవల గట్లనిండా మొగలి పొదలుండేవట. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయ్యాక కాటన్ కాలవలు డెల్టా అంతా పారాయి, గట్లు కోసుకుపోకుండా మొగలి వేళ్లు మట్టిని పట్టుకునేవి. పొదలో పాముంటుందని పిల్లల్ని పోనిచ్చేవారు కాదు. శివుడి శాపం వల్ల పూజకు పనికిరాదని హిందూ ఇళ్లలో కథ. అయినా ఆడవాళ్ల జడల్లో మొగలి రేకు, బట్టల పెట్టెలో మొగలి రేకు. ముస్లిం ఇళ్లలో అదే కేవ్డా. బిర్యానీ మీద, ఫిర్నీలో, నికాహ్ షర్బత్‌లో. పూజకు రాని పువ్వు దావత్‌కు వచ్చింది. ఇప్పుడు గట్లు వెడల్పు చేసి తారు వేశాక పొదలు కొట్టేశారు. కడియంలో ఎకరాలకెకరాలు నర్సరీలు, కడియపులంక మార్కెట్లో తెల్లవారుజామున బుట్టలకొద్దీ మల్లె, చామంతి, కనకాంబరం, లిల్లీ. దేశమంతా ఇక్కణ్నుంచి మొక్కలు కొంటుంది. అన్ని పూలున్న ఈ సీమలో మా నానీ మొగలి మాత్రం కాలవ గట్ల మీద కనిపించదు.

ఈ హునర్ బతికున్నది ఎక్కడో చూద్దామని ఒక ఆగస్టులో బరంపురం రైలెక్కాను. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. బరంపురం బజార్లో సగం మాటలు ఇప్పటికీ తెలుగే. ఛత్రపురం, రంగేయిలుండ వైపు సముద్రపు ఇసుకలో పొలాలకు కంచెలుగా మొగలి. అక్కడి కేవ్డాకు జీఐ గుర్తింపు కూడా ఉంది. దేశంలో కేవ్డా అత్తరు అంటే దాదాపుగా గంజాందే.

వాసనంతా మగ పువ్వుదే. తెల్లవారకముందే కొడవలి కట్టిన కర్రతో పొత్తిని కోస్తారు. ఎండెక్కితే ఖుష్బూ ఎగిరిపోతుంది కాబట్టి పొద్దున్నే బట్టీకి చేరాలి. రాగి డేగ్‌లో వెయ్యి పువ్వుల దాకా వేసి నీళ్లు పోసి, మూతకు బంకమట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టంలోంచి నీళ్ల తొట్టిలో కూచున్న భప్కాలోకి దిగుతుంది. భప్కాలో ముందే మంచిగంధం నూనె పోసి ఉంచుతారు, పువ్వు ప్రాణాన్ని అది పట్టుకుంటుంది. నూనె లేకుండా నీటి మీద తేలినదాన్ని తీస్తే అది రూహ్, దాని ధరే వేరు. గంధం ఖరీదు భరించలేక ఇప్పుడు చాలామంది పారఫిన్ నూనె వాడుతున్నారు. సరుకులో ఎక్కువ భాగం జర్దాకీ పాన్ మసాలాకీ పోతుంది. బాద్‌షాల ఖుష్బూ చివరికి గుట్కా పొట్లంలో చేరడం, ఏం నసీబో అది.

మంట దగ్గరున్న ముసలాయన థర్మామీటర్ వాడడు. డేగ్ మీద చెయ్యి పెట్టి, చెవి ఆనించి, మంట తగ్గించమంటాడు. నేను తెలుగులో పలకరిస్తే ఆయన మొహం వికసించింది. "గోదారి జిల్లానా బాబూ? మీ గట్ల మీద మొగలి ఉండాలే" అన్నాడు. రోడ్లు వేశారు తాతా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చిన్న దూది ఉండ రూహ్‌లో ముంచి నా చెవి మడతలో పెట్టాడు. మూడు రోజుల తర్వాత కూడా అది వాసనేస్తూనే ఉంది. ఇంటికొచ్చి అమ్మీకి ఇస్తే వాసన చూసి, కాసేపు ఊరుకుని, "ఇది మా అమ్మ జడ" అంది.

యార్డ్లీ కథ కూడా ముగిద్దాం. 1998లో ఆ కంపెనీ అప్పుల్లో మునిగి రిసీవర్ల చేతికి పోయింది, తర్వాత చేతులు మారింది. 2009లో ఆసియా, గల్ఫ్ దేశాలకు సంబంధించిన యార్డ్లీని విప్రో కొంది. ఆ విప్రో 1945లో మహారాష్ట్రలోని అమల్‌నేర్‌లో మొదలైన వంటనూనె మిల్లు, పెట్టినవాడు మహమ్మద్ హాషమ్ ప్రేమ్‌జీ. రాణీగారి దేశపు లవండరు చివరికి ఒక గుజరాతీ ముసల్మాన్ నూనె వ్యాపారి వారసుల చేతికొచ్చింది. లవండరు మొక్క కూడా హిందుస్తానీ అయిపోయింది, జమ్మూ వైపు భదర్వాలో రైతులు మొక్కజొన్న తీసేసి అదే వేస్తున్నారు. ఇప్పుడు ఆ డబ్బా మన కిరాణా కొట్లోనే దొరుకుతుంది. ఖాలా కాలంలో మూడు సముద్రాలు దాటితే తప్ప దొరికేది కాదు.

ఖాలా పోయి ఎనిమిదేళ్లు. గుసుల్ చేయించింది అమ్మీ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ. చివరి నీళ్లలో కాఫూర్ కలిపారు, అది సున్నత్. కఫన్‌కు అత్తరు రాశారు. అప్పుడు అమ్మీ అల్మారాలోంచి లవండరు డబ్బా తెచ్చిందట. ఎవరో ఆలిమ్‌ను అడగమన్నారు, ఇంగ్లిష్ సెంట్లలో ఆల్కహాల్ ఉంటుంది కదా, జాయెజ్ అవునో కాదో అని. "ఇది పౌడరే, షరాబు కాదు" అని అమ్మీ ఎవర్నీ అడగలేదు. ఖాలా రెండు అరచేతుల్లోనూ రాసింది. ఈ మాట మగవాళ్లకు ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పింది మొన్న, నేను ఆ జుమ్మా నాడు ఇంటికెళ్లి మణికట్టు చూపించినప్పుడు.

చాచా దగ్గర రెండు సీసాలు కొన్నాను, కేవ్డా ఒకటి, లవండర్ ఒకటి. కేవ్డా అమ్మీ తన దుపట్టా కొంగుకు రాసుకుంది. లవండర్ సీసాను ఖాలా డబ్బాలో వేసింది. ఆ డబ్బాలో ఇప్పుడు సూదులు, దారపుండలు, మూడు సెంట్ల స్థలం రసీదు ఉన్నాయి.